ఆరింటి షిఫ్టుకు చెప్పాల్సిన మాట

మొన్నటి వానాకాలం మా ఇంట్లోకి రెండు కొత్తవి ఒకే వారంలో వచ్చిపడ్డాయి. ఒకటి, ఏడో తరగతి పిల్లలందరికీ ఇచ్చినట్టే మా నిషితకూ బడివాళ్లు ఇచ్చిన ట్యాబ్. రెండోది, మా ఆయన మల్లేష్ పనిచేసే మందుల కంపెనీలో యూనియన్ ఎన్నిక. నేను భయపడింది మాత్రం ట్యాబ్‌కే.

నేను చదివింది పదో తరగతి దాకా. వార్తలు చదివి భయపడటానికి ఆ చదువు చాలు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పిల్లతో మాట కలుపుతాడని, దాని ఫొటో తీసుకుని ఏదో చేస్తాడని, ఇంటి అడ్రసు అడుగుతాడని, ఏమీ లేకపోతే చార్జింగ్‌లో పెట్టినప్పుడు అది పేలుతుందని భయం. బడిలో ట్యాబ్ చేతికిచ్చేటప్పుడు క్లాసు టీచర్ మా తల్లులందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. మిగతావాళ్లు తలలూపి లేచిపోయారు. నేను ఆగి, “టీచర్, ఇది తీసుకోకుంటే కాదా?” అని అడిగాను.

“అమ్మా, కత్తిపీట ప్రమాదమని కూర తరగడం మానేస్తామా? పక్కన కూర్చుని నేర్పించాలి” అంది ఆమె.

సరే, పక్కనే కూర్చున్నాను. సాయంత్రం నిషిత ట్యాబ్ తెరిస్తే నేను చిక్కుడుకాయలు ముందేసుకుని దాని భుజం మీదుగా చూసేదాన్ని. అది పాఠం చదివి రికార్డు చేసి టీచర్‌కు పంపాలి. క్లాసు పిల్లలందరికీ కలిపి ఒక గ్రూపు కూడా ఉంది.

“ఫొటో పెట్టొద్దు” అనేదాన్ని.

“పెట్ట మమ్మీ.”

“పేరు, ఊరు రాయొద్దు.”

“రాయ.”

“తెల్వనోళ్లు ఎవలన్న మెసేజ్ పెడితే జవాబియ్యొద్దు. నాకు చూపియ్యాలె.”

“అబ్బ! నువ్వు మా సెక్యూరిటీ అంకుల్ కన్న ఎక్కువున్నవ్ మమ్మీ. గాయన కనీసం చాయ్ తాగనీకన్న పోతడు.”

ఎన్నికకు వస్తే, జిన్నారం రోడ్డులో ఉన్న మా ఆయన కంపెనీలో రెండు యూనియన్లు. ఏది గెలిస్తే అది జీతాల గురించీ, క్యాంటీన్ అన్నం గురించీ యాజమాన్యంతో మాట్లాడుతుంది. మా ఆయనది గొడుగు గుర్తు. ఆయనే దాని నాయకుడు. అవతలిది గంట గుర్తు. దాని నాయకుడు రామలింగేశ్వరరావుగారు. ఆయన ఎక్కడో దూరాన లేడు, మా కిందింట్లోనే ఉంటాడు. రేపల్లె నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. నిషితకు చిన్నప్పటి నుంచి లెక్కలు చెప్పింది ఆయనే. అది ఆయన్ను తాత అంటుంది. ఆయన భార్య దుర్గాదేవి గారు పప్పు చేసిన రోజు మా ఇంటికి గిన్నె వస్తుంది, మేము సర్వపిండి చేసిన రోజు కిందికి ప్లేటు పోతుంది.

ఎన్నిక వచ్చినా ఆ రాకపోకలు ఆగలేదు. మెట్ల మీద ఎదురైనప్పుడు రావుగారు మా ఆయన చేతిలోని గొడుగు చూసి, “మీరు అదృష్టవంతులయ్యా మల్లేషూ! వాన పడితే మావాళ్లు కూడా మీ గుర్తే పట్టుకు తిరగాల్సొస్తోంది” అనేవాడు.

“మీరు గుడిలకు పోతె మావోళ్లు మీ గంట కొడ్తలేరా రావు సార్?” అనేవాడు ఈయన.

మా ఇంట్లో పొద్దుగూకితే మనుషులే మనుషులు. చెప్పులు మెట్ల దాకా ఉండేవి. నేను చాయ్ గిన్నె దించితే మళ్లీ ఎక్కించడమే. రావుగారు తన వాళ్లకు రోజూ వాట్సాప్‌లో మాట్లాడి పంపేవాడు. “సోదరులారా, ఏమండోయ్ సోదరులారా” అని మొదలుపెట్టేవాడు. అవి అటు తిరిగీ ఇటు తిరిగీ మా ఆయన ఫోనుకూ వచ్చేవి. ఈయన అందరి ముందూ పెట్టి వినిపిస్తే గదంతా నవ్వులు. నిషిత ఆ గొంతును అచ్చంగా అనుకరించేది. “సోదరులారా” అని అది చెయ్యెత్తితే మా ఆయన మనుషులు చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఎవరుండగలరు?

ఓట్ల రోజు పొద్దున వాన సన్నగా పడుతోంది. మల్లేష్ చీకటితోనే గేటు దగ్గరికి పోయి, ఆరింటి షిఫ్టువాళ్లు లోపలికి పోయేదాకా ఉండి, స్నానం చేసి మళ్లీ పోదామని ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు కూడా విప్పలేదు.

“శ్రీలతా! అయిపోయిందే! గెలిచినట్టే!”

“ఇంక ఓట్లే వెయ్యలే గద.”

“ఎందుకేస్తరు? రావు సారే చేతులెత్తేసిండు. ఇను ఇను.”

నిషిత బడి బట్టల్లో ఉప్మా తింటోంది. ఆయన ఫోను దాని పళ్లెం పక్కనే పెట్టి నొక్కాడు. రావుగారి గొంతు వచ్చింది. “ఏమండోయ్ సోదరులారా, నాకు ఓపిక అయిపోయింది. గంట ఇక మోగదు. నా మాట విని మనవాళ్లందరూ గొడుగు కిందికి వెళ్లిపోండి. నేను కూడా గొడుగుకే వేస్తున్నాను.”

“మన గొడుగు లింగం పెట్టిండు గ్రూప్‌ల, పొద్దు పొద్దున్నే. ఆరింటి షిఫ్టు బస్సులన్నిట్ల ఇదే మోగిందంట. వాళ్లోళ్లు మొఖాలు ఏలాడేసుకోని లోపలికి పోయిండ్రు” అని మల్లేష్ మళ్లీ నొక్కాడు.

రెండోసారి నేను ఫోను వైపు చూడలేదు. నిషిత వైపు చూశాను. దాని నోట్లో ఉప్మా అట్లాగే ఉంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. “గంట ఇక మోగదు” అని ఫోను అనకముందే దాని పెదాలు అన్నాయి.

నేను స్టవ్ ఆపాను.

“నిషితా, గీ ముచ్చట నువ్వింతకుముందు ఇన్నవా?”

అది నా మొహం చూసింది, వాళ్ల నాన్న మొహం చూసింది. “జోక్ మమ్మీ” అంది.

“ఏం జోక్?”

“నిన్న… క్లాసుల ఒక వెబ్‌సైట్ చెప్పుకున్నరు. ఎవలదన్న గొంతు అండ్ల వేస్తే, మనం రాసింది వాళ్ల గొంతుతోని చెప్తది. తాత మెసేజ్‌లు డాడీ ఫోన్‌ల ఉన్నయ్ గద. గవి ఏసిన. క్లాస్ గ్రూప్‌ల పెట్టిన. అందరు నవ్విన్రు. తనుశ్రీ వాళ్ల ఇంట్ల వినిపించినట్టుంది.”

తనుశ్రీ దాని స్నేహితురాలు. మా ఆయన యూనియన్‌లోనే తిరిగే లింగం కూతురు.

“బడి ట్యాబ్‌లనా?”

తల ఊపింది. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచింది. “నువ్వు చెప్పినయన్ని చేసిన మమ్మీ! నా ఫొటో పెట్టలే. నా పేరు పెట్టలే. తెల్వనోళ్లకు పంపలే. అందరు మా క్లాసోళ్లే!”

నిజంగానే అది అన్నీ పాటించింది. నేను ఇన్నాళ్లూ తలుపు దగ్గర కర్ర పట్టుకుని బయటివాళ్లు లోపలికి రాకుండా కాపలా కాశాను. లోపలి నుంచి ఏం పోతోందో చూడలేదు.

మల్లేష్ కుర్చీలో కూర్చున్నాడు. ఫోను బోర్లా తిప్పి పెట్టాడు. “ఎవలకు చెప్పకు. బడికి పో బిడ్డా” అన్నాడు.

“డిలీట్ చేస్త డాడీ. గ్రూప్‌ల సారీ గూడ పెడ్త.”

“ఏం పెట్టకు. పొయ్యి బ్యాగ్ ఏస్కో.”

“పోదు” అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. “శ్రీలతా, ఎలక్షన్ల గివన్ని ఉంటయే. నేను చెయ్యమన్ననా? చెయ్యలే. నాకు ఎర్కనే లేదు. దీని కోసం ఎన్ని దినాలు తిరిగిన్నో నీకు తెల్వదా?”

“తెల్సు. చాయలన్ని నేనే పోసిన.”

“మరి?”

“ఇయ్యాల నువ్వు గెలుస్తవ్. అందరు దండలేస్తరు. అది పక్కనే నిలవడి చూస్తది. నేను రేపటి నుంచి గా ట్యాబ్ ముందల కూసోని దానికేం చెప్పాలె? చెప్పు నువ్వే.”

నా మాటలు నాకే కొత్తగా వినిపించాయి. నేను మామూలుగా ఇట్లాంటప్పుడు ఏడ్చే మనిషిని. ఆ పొద్దున కూడా నా లోపల భయాలన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. బడివాళ్లు టీసీ చేతిలో పెడతారు, పోలీసులొస్తారు, మా ఆయన మనుషులే మా ఇంటి మీద పడతారు, పిల్లను రోడ్డు మీద వేలెత్తి చూపిస్తారు. అన్నీ కనబడుతున్నాయి. కానీ వాటన్నిటికంటే పెద్దది ఒకటి ఎదురుగా ఉప్మా పళ్లెం ముందు కూర్చుని ఉంది. దాన్ని చూశాక మిగతావి చిన్నవైపోయాయి.

నేను నిషిత చేత ట్యాబ్ తెరిపించి, గ్రూపులో పెట్టింది తీయించి, చెయ్యి పట్టుకుని కిందికి దిగాను. రావుగారింటి తలుపు తెరిచే ఉంది. దుర్గాదేవి గారు గడప దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“చూశావా శ్రీలతా! ఆయన ఆ మాటలు అనలేదమ్మా. నాకు తెలుసు. ఎంతమందికి ఫోన్ చేసి చెబుతున్నా నమ్మట్లేదు. ఎంతకి అమ్ముడుపోయారని మా వాళ్లే అడుగుతున్నారు. టిఫిను కూడా తినకుండా గేటు దగ్గరికి వెళ్లిపోయారు.”

నిషిత “అమ్మమ్మా” అని మాత్రం అని, ఆగిపోయి, నా వెనక్కి వచ్చింది.

“నేను వచ్చి చెప్త అక్కా” అన్నాను. “ముందు ఆయనకు చెప్పాలె.”

వీధిలోకి వచ్చి ఆటో కోసం చూస్తున్నాను. ఆ టైముకు మా గల్లీలోకి ఆటోలు రావు. చౌరస్తా దాకా నడవాలి. వాన. అప్పుడు మా వెనక బండి చప్పుడైంది. మల్లేష్ బండి మా పక్కన ఆపాడు. రోడ్డు వైపే చూస్తూ కాలుతో వెనక ఫుట్‌రెస్టులు రెండూ కిందికి నొక్కాడు.

మేము ఎక్కాం.

గేటు ముందర రోడ్డుకు ఇటొక టెంటు, అటొక టెంటు. గొడుగు టెంటులో పాటలు, నవ్వులు. గంట టెంటులో నలుగురైదుగురు ముసలివాళ్లు, మధ్యలో రావుగారు. ఎవరో పడుచువాడు ఆయన ముందే జెండా కర్ర పీకి మోపెడ్‌కు కట్టుకుంటున్నాడు. మా ఆయన్ను చూసి ఇటు టెంటువాళ్లు ఈలలు వేశారు. ఆయన అటు పోలేదు, ఇటూ రాలేదు. రోడ్డు మధ్యలో బండి ఆపుకుని నిలబడ్డాడు.

నిషిత ముందు నడిచింది. నేను దాని వెనక.

“తాతా, గది నేను చేసిన.”

రావుగారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఏది బుజ్జమ్మా?”

“నీ గొంతు. నువ్వు చెప్పినట్టు వస్తది గద, గది. ట్యాబ్‌ల చేసిన. జోక్‌కని.”

వాన నీళ్లు టెంటు అంచు మీంచి ధారగా పడుతున్నాయి.

“అచ్చం నేను అన్నట్టే ఉందే అమ్మా” అన్నాడు రావుగారు. “పొద్దున వింటే నాకే అనుమానమొచ్చింది, నిద్రలో గానీ అన్నానా అని.”

“డిలీట్ చేసిన తాతా. ఇప్పుడే బండి మీద మమ్మీ ఫోన్‌ల టీచర్‌కు గూడ చెప్పిన. గ్రూప్‌ల సారీ పెట్టమని తనుశ్రీకి చెప్పిన. లింగం అంకుల్ గూడ తీసేస్తున్నడంట.”

“మంచిది. కానీ అటు చూడు.” ఆయన సెక్యూరిటీ గది వైపు చెయ్యి చూపించాడు. కిటికీలోంచి ఇనుప అరలు కనిపిస్తున్నాయి. అరల నిండా ఫోన్లు. మందుల కంపెనీలో ఫోను లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర పెట్టి, బిళ్ల తీసుకుని పోవాలి. “నువ్వు తీసేసింది వాటిలోంచి. విన్నవాళ్లు లోపలున్నారు. షిఫ్టు దిగేదాకా వాళ్లకు ఏ మెసేజీ అందదు. కాసేపట్లో క్యాంటీన్లో ఓట్లు మొదలవుతాయి. చాయ్ టైముకి వచ్చి వేసేస్తారు.”

నిషిత ఆ అరల వైపే చూస్తూ ఉండిపోయింది. ట్యాబ్‌లో నొక్కితే పోతుందనుకున్నది ఎక్కడుందో దానికి అప్పుడు అర్థమైనట్టుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే, “గయితే నేను పొయ్యి చెప్పాలె” అంది.

ఎన్నిక జరిపించడానికి లేబర్ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. రావుగారు, మా ఆయన ఇద్దరూ గేటు దగ్గరికి పోయి ఆమెను పిలిపించారు. ఆమె అంతా విని, నుదురు రుద్దుకుంది.

“గుర్తింపు ఎన్నికలు చాలా జరిపించాను. ఇట్లాంటిది వినలేదు. మల్లేష్ గారూ, మీకు సమ్మతమేనా? ఆలోచించుకోండి.”

గొడుగు టెంటు నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, పాగల్ అయినవా? ఇంటామె చెప్తే ఇంటవా? గెలిచిన ఎలక్షన్‌ల మన్ను పోస్తున్నవ్!”

మల్లేష్ మేడమ్ వైపు తిరిగి, “సమ్మతమే మేడమ్” అన్నాడు.

“అయితే వినండి. మైకు వద్దు. ఓటు అడగొద్దు. పిల్ల పేరు, బడి పేరు చెప్పొద్దు. జరిగింది మాత్రమే చెప్పాలి. అంతే.”

క్యాంటీన్ కాంపౌండు గోడకు ఆనుకునే ఉంది. ఓట్ల లైను దాని వరండాలోంచి బయటికి, గేటు పక్కనున్న ఇనుప జాలీ దాకా వస్తుంది. మమ్మల్ని జాలీకి ఇవతల నిలబెట్టారు. లోపలివాళ్ల దగ్గర ఫోన్లు లేవు గానీ, మా వెనక రోడ్డు మీద గుంపు గూడింది. తిరిగి చూస్తే అప్పుడే కొన్ని చేతులు ఫోన్లు పట్టుకుని లేచి ఉన్నాయి. దీని మొహం సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది! చప్పున చేతిలోని గొడుగు విప్పి పిల్ల వెనక అడ్డం పెట్టాను.

“మేడమ్! మేడమ్! గుర్తు చూపిస్తున్నారు!” అని గంట టెంటు నుంచి కేకలు.

చచ్చాననుకుని గొడుగు ముడిచాను. ఇక ఏముంది? కొంగు రెండు చేతులా పట్టుకుని వెడల్పుగా చాపి నిలబడ్డాను. నిలబడి, జీవితంలో మొదటిసారి రోడ్డు మీద అరిచాను.

“ఫోన్లు జేబుల పెట్టుండ్రి! మీకు ఆడపిల్లలు లేరా? చెవులతోని ఇనుండ్రి, చాలు!”

మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. రావుగారు ఇంకో పక్క. గుంపు వైపు ముగ్గురం గోడకట్టాం. ఒక్కొక్క చెయ్యి కిందికి దిగింది.

జాలీ అవతల లైను చివరనున్నాయన నీలం టోపీ వెనక్కి తోసుకుని వంగాడు. “ఏంది బిడ్డా?”

నిషిత చెప్పింది. మొదట ఎవరికీ వినపడలేదు. “జెర గట్టిగ చెప్పు” అన్నాడాయన. మళ్లీ చెప్పింది. నాకు దాని వీపే కనిపిస్తోంది. భుజాలు పైకి లేచి దిగాయి.

“పొద్దున మీరు ఇన్నది రావు తాత చెప్పలే. నేను చేసిన. తాత గట్ల ఎన్నడు అనలే.”

“గొంతు గాయనదే గద బిడ్డా! మేము ఇన్నం గద!”

“గొంతు తాతదే అంకుల్. మాటలు నావి.”

ఆ మాట ఆయన తన ముందున్నాయనకు చెప్పాడు. ఆ ముందాయన తన ముందాయనకు చెప్పాడు. హిందీవాళ్లకు ఎవరో హిందీలో చెప్పారు. చూస్తుండగానే అది వరండా పొడుగునా మలుపు తిరిగి లోపలికి పోయింది. మధ్యలో ఎవరో పకపకా నవ్వారు. ఎవరో తిట్టారు కూడా. “ఏం పిల్లలురా బాబూ” అన్నది నాకు వినపడింది. నిషితకూ వినపడే ఉంటుంది. అది కదల్లేదు.

లైనులోంచి ఒక పెద్దాయన జాలీ దగ్గరికి వచ్చాడు. “నువ్వు మల్లేష్ బిడ్డవు గద? మరి మీ నాయిన ఓడిపోతే?”

అది తల తిప్పి వాళ్ల నాన్నను చూసింది. ఆయన తన చెప్పుల మీది బురద చూసుకుంటున్నాడు.

“ఓడిపోతె ఓడిపోతడు” అంది. “తాత మాత్రం గట్ల అనలే.”

సాయంత్రం లెక్క తేలింది. గంట గెలిచింది. చాలా తేడాతో కాదు. రోడ్డు మీద డప్పులు, గులాల్. రావుగారు ఒంటినిండా రంగుతో మెట్ల దగ్గరికి వచ్చి, పైకి రావాలా వద్దా అన్నట్టు ఆగి, మళ్లీ లోపలికి పోయాడు. మా ఇంటికి ఆ రోజు ఎవరూ రాలేదు. మా చెప్పులే ఉన్నాయి గడప ముందు.

నిషిత వాళ్ల నాన్న పక్కన కూర్చుంది. “డాడీ, నా వల్లనే ఓడినవా?”

ఏదన్నా తియ్యటి అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. “అయ్యుండొచ్చు” అన్నాడు. “చెప్పకుంటే గెలుస్తుంటినేమో. ఎవలకెర్క?” తర్వాత, “అన్నం తిన్నవా?” అన్నాడు.

నాతో మాత్రం చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, షిఫ్టుకు పోయాడు, వచ్చాడు. ఆయన మనుషులు నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. నేను తిప్పుకోలేదు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి బనీను విప్పుతూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. “లోపల ఇద్దరు ముగ్గురు గంటోళ్లు కలిసిన్రు. వచ్చేసారి మీకే ఏస్తమన్నరు. ఏస్తరో లేదో. చాయ్ పొయ్యి.” పోశాను.

బడికి మర్నాడే పోయాం. నేను టీసీకి సిద్ధపడి, పక్క బడి ఫీజు ఎంతో కూడా కనుక్కుని పోయాను. వాళ్లు టీసీ ఇవ్వలేదు. ట్యాబ్ తీసుకుని దసరా సెలవుల దాకా బీరువాలో పెట్టారు. ఆ వెబ్‌సైట్ ఏ ట్యాబ్‌లోనూ రాకుండా చేశారు. నిషితను క్లాసు ముందు నిలబెట్టలేదు. మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి, ఎవరెవరి గొంతులు పెట్టి ఆడుకున్నారో చెప్పుకున్నారట. అందులో హెడ్‌మాస్టరు గొంతు కూడా ఉందని నిషిత చెబితే నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

“ఇంట్లో మీరేమన్నారమ్మా?” అని టీచర్ అడిగింది.

“ముందు ఎవర్నీ నమ్మొద్దని చెప్పిన టీచర్. ఇప్పుడు ఇంకొకటి కూడా చెప్తున్న. మొఖమైనా గొంతైనా ఎవరిదో వాళ్లనడిగినంకనే పంపాలె అని.”

“బాగుంది. కానీ పిల్లలు చెబితే వింటారంటారా?”

“చూస్త టీచర్” అన్నాను.

వానలు తగ్గాయి. బతుకమ్మ పూల కోసం పిల్లలు చెరువు గట్ల వెంట తిరుగుతున్న రోజులు. ఒక ఆదివారం మధ్యాహ్నం రావుగారు కింద వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ నిద్రపోయాడు. పేపరు పొట్ట మీద, నోరు తెరిచి ఉంది. పక్కింటివాళ్ల కోడిపెట్ట ఒకటి ఎప్పుడొచ్చిందో ఆ పేపరు మీదికెక్కి, సరిగ్గా ఆయన నోట్లోకి తొంగిచూస్తోంది. నిషిత మెట్ల మీంచి నా ఫోనుతో ఫొటో తీసి పరుగెత్తుకొచ్చింది. చూసి నేను గోడకు ఆనుకుని కూలబడి నవ్వాను. మల్లేష్ కూడా వచ్చి చూసి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

“తనుశ్రీకి పంపనా మమ్మీ?”

నాలుక చివరి దాకా వచ్చిన మాట మింగేశాను. అది నన్ను చూసింది. ఫోను చూసింది. తర్వాత మెట్లు దిగిపోయింది.

కోడి దిగిపోయేదాకా, ఆయన మేలుకునేదాకా అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆయన లేచి అద్దాలు వెతుక్కుంటుంటే ఫోను చూపించింది. పైన రెయిలింగు దగ్గర మేమిద్దరం చెవులొగ్గి నిలబడ్డాం.

రావుగారు నవ్వాడు. దుర్గాదేవి గారు వచ్చి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“తనుశ్రీకి పంపనా తాతా?”

“వద్దే బుజ్జమ్మా. పొట్ట మరీ పెద్దగా కనిపిస్తోంది. గెలిచిన లీడర్ని, పరువుండాలి గదా.”

“సరే” అంది అది. ఆయన ముందే తీసేసింది.

ఆ ఫొటో చూస్తే ఎవరైనా కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ కోడి మొహం నాకింకా కళ్లలోనే ఉంది. మనసాగక, రాత్రి అన్నాలయ్యాక నేను ఫోనులో తీసేసినవి ఉండే చోట కూడా వెతికాను. పిల్ల అక్కడ కూడా తీసేసింది.